ప్రార్థనంత సేపు పట్టుకున్న డ్రిల్లు

మా ఆవిడ కర్టెన్లు కుడుతుంది, నేను వాటిని వేలాడదీస్తాను. శంషాబాద్‌లో మా షట్టర్ దుకాణం ముందు ఆగి మీరేం పని చేస్తారని అడిగినవాళ్ళకు నేను చెప్పే మాట ఇది. అదే ఆమెను అడిగితే, "నేను కుడత. మా బావ స్లాబులకు పొక్కలు పెడతడు" అంటుంది. ఆమె మా మేనత్త కూతురు. పుట్టినప్పటి నుంచి నన్ను చూస్తోంది కాబట్టి, ఆమె ముందు గొప్పలు చెప్పుకునే అవకాశం నాకు పెళ్ళికి చాలా ముందే పోయింది.

చదువు సంగతీ అంతే. ఏడో తరగతి సగంలో బడి మానేశాను. మా లెక్కల సారు ఇప్పటికీ బస్టాండు దగ్గర కనిపిస్తే, ఆ రోజు నుంచే తన ఆరోగ్యం కుదుటపడిందన్నట్టు నవ్వుతూ పలకరిస్తాడు. నాకొచ్చిన లెక్కలన్నీ కొలత టేపు మీద నేర్చుకున్నవే. టేపు ఉన్నంత పొడుగునా నేను ఎవరికీ తీసిపోను. టేపు అయిపోయాక మాత్రం నన్నేమీ అడగొద్దు.

నా పాత డ్రిల్లుకు పద్దెనిమిదేళ్ళు. పని బాగా చేసేది, కానీ దానికో పొడుగాటి వైరు ఉండేది. ఆ వైరు చాలక ఇంకో ఎక్స్‌టెన్షన్ బోర్డు, అదీ చాలక ఇంకోటి. ఒక్కో ఇంట్లో పొక్కలు, అంటే రంధ్రాలు, వేయడానికి పావుగంట పట్టేది, ప్లగ్గు వెతకడానికి అరగంట. ఏ ఇంట్లోనైనా నాకు అందే ప్లగ్గు ఒక్కటే, అది ఫ్రిజ్ వెనకాలే ఉండేది. ఒకసారి జల్‌పల్లిలో ఫ్రిజ్ వైరు తీసి నా వైరు పెట్టి, పని ముగించుకుని, అందరికీ నమస్కారాలు చెప్పి, వాళ్ళిచ్చిన చాయ్ తాగి వచ్చేశాను. ఫ్రిజ్ వైరు మాత్రం కింద పడుకునే ఉంది. అందులో ఆ ఇంటి పండగకు తెచ్చిన మటన్ ఉందట. మర్నాడు పొద్దున నాకొచ్చిన ఫోను గురించి చెప్పను కానీ, అప్పటి నుంచి నేను పనికి వెళ్ళిన చోటికల్లా మా ఆవిడ ఫోన్ చేసి, తిన్నావా అని అడగదు. ఫ్రిజ్జు పెట్టినవా అని అడుగుతుంది.

అలాంటి నాకు వైరు లేని డ్రిల్లు కొనే రోజు వచ్చింది. తెచ్చింది ఒక హోటలు.

విమానాశ్రయం దారిలో ఆ హోటలు కొత్తగా తయారవుతోంది. అక్కడ గదుల పని చూసే మేడమ్ కోస్తా వైపు ఆవిడ, మాట మెత్తగా, కొలత కచ్చితంగా ఉంటుంది. తన ఫ్లాటుకు మా దగ్గరే కర్టెన్లు కుట్టించుకుంది. అవి నచ్చి, హోటల్ పనికి మీరూ ఒకసారి చేసి చూపించండి అంది. షరతులు చెప్పింది. కారిడార్లలో కార్పెట్ పరిచేశారు, గదుల్లో ఇంకా కరెంటు ఇవ్వలేదు. కార్పెట్ మీద వైరు ఈడ్చేవాళ్ళు లోపలికి రాకూడదు. మంగళవారం ఒక గదిలో కిటికీ పైన స్లాబుకు ట్రాకు బిగించి, కర్టెను తొడిగి చూపించాలి. నగరం నుంచి ఇంకో జట్టు వచ్చి పక్క గదిలో ఇదే పని చేస్తుంది. ఎవరి గది బాగుంటే నాలుగు అంతస్తుల పనీ వాళ్ళది. కుట్టుపని కూడా వాళ్ళదే.

నాకైతే పొక్కల సంఖ్య పెరుగుతుంది, అంతే. మా ఆవిడకు మాత్రం అది చాలా పెద్ద మాట. మా వీధిలో ఇద్దరు ఆడవాళ్ళున్నారు, కుట్టుపని చెయ్యి తిరిగినవాళ్ళు. ఇక్కడ పని లేక, పొద్దున్నే కంపెనీ బస్సెక్కి విమానాశ్రయానికి వెళ్ళి, ఎనిమిది గంటలు నిలబడి నేల తుడిచి వస్తారు. సాయంత్రం మా షట్టర్ మెట్ల మీద కూర్చుని కాళ్ళు నొక్కుకుంటూ, మా ఆవిడ మిషన్ చప్పుడు వింటూ ఉంటారు. హోటల్ పని వస్తే మీ ఇద్దరికీ చెరో మిషన్ వేస్తానని ఆమె మాట ఇచ్చేసింది. మేడమ్ షరతులు చెప్పిన సాయంత్రమే ఇచ్చేసింది. నా డ్రిల్లు ఇంకా కొననే లేదు, అప్పుడే షట్టర్‌లో ఆ రెండు మిషన్లు ఎక్కడ పెట్టాలో సుద్దముక్కతో గీతలు గీసేసింది.

"నాతోని ఒక్క మాట అనకుండనే గీసినవా?" అని అడిగాను.

"నువ్వు పొక్కలు పెడతవ్ కదా బావా. అండ్ల అడిగేదేమున్నది?" అంది.

ఇక శనివారం పొద్దున పనిముట్ల కొట్టుకు వెళ్ళాను. ఆ కొట్టాయన గోదావరి నుంచి ఇరవై ఏళ్ళ కింద వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మర్యాదస్తుడు. స్క్రూలు తూకం వేసేటప్పుడు కూడా "రండి, రండి" అంటూ వేస్తాడు, నన్నా స్క్రూలనా అని ఇప్పటికీ నాకు అనుమానమే. ఆయన కొట్టు ముందు నేల మీద ఒక కాంక్రీటు దిమ్మ ఉంటుంది. పెద్ద కట్టడాల దగ్గర కాంక్రీటు గట్టిదనం చూడటానికి పోసే చదరపు దిమ్మ అది, ఎవరో తెచ్చి పడేశారు. శంషాబాద్‌లో డ్రిల్లు కొనే ప్రతివాడూ ముందు ఆ దిమ్మలో ఒక పొక్క పెట్టి చూస్తాడు. ఇది మా రివాజు. పెళ్ళిచూపుల్లో పాట పాడించినట్టన్నమాట. పాటకూ కాపురానికీ ఏం సంబంధమని ఎవరూ అడగరు, దిమ్మకూ పనికీ ఏం సంబంధమనీ ఎవరూ అడగరు. దిమ్మ చూస్తే తేనెపట్టులా ఉంటుంది.

కొట్టాయన నాలుగైదు రకాలు బయట పెట్టాడు. పన్నెండు వోల్టులవి, పద్దెనిమిది వోల్టులవి, గోడలకు వాడేవి, కొడుతూ తిరిగేవి. బ్యాటరీల మీద అంకెలు, మోటారులో బ్రష్ ఉంటుందా ఉండదా అన్న చర్చ. ఏడో తరగతి మిగతా సగంలో ఇవన్నీ చెప్పి ఉంటారు, నేను ఉండి ఉంటే తెలిసేది. ఏదీ అర్థం కానప్పుడు మగవాడు ఏం చేస్తాడో నేనూ అదే చేశాను. అన్నిట్లోకీ పెద్దది తీసుకున్నాను.

అది డ్రిల్లు కాదు, గుండు. కింద ఇటుకంత బ్యాటరీ. దిమ్మ మీద ఆనించి, మోకాలు వేసి, పైనుంచి నా ఒంటి బరువంతా మోపి మీట నొక్కాను. ముగ్గిన జామపండులోకి దిగినట్టు దిగింది. అందులో సగం బలం మోటారుది, సగం నా పొట్టది. ఆ సంగతి అప్పుడు నాకు తోచలేదు. పక్కన తన పనిముట్టు బాగు చేయించుకుంటున్న తుక్కుగూడ ఏసీ మెకానిక్ ఒకడు చూసి, "కిరాక్ ఉన్నది అన్నా" అన్నాడు. మనిషికి ఇంకేం కావాలి? కొట్టాయన మాత్రం తొందరపడకండి, రేపు ఎలాగూ కొట్టు మూత, ఈ చూపించే మిషన్ ఇంటికి తీసుకెళ్ళి వాడి చూడండి, సోమవారం కొత్తది సీలు తీసిస్తాను అన్నాడు. అంత నమ్మకం నా మీద మా లెక్కల సారుకు కూడా ఉండేది కాదు.

ఇంటికి వచ్చాక గుండును షట్టర్ నడిమధ్యలో, మిషన్ల కోసం ఆమె గీసిన గీతల్లో పెట్టి చూపించాను. ఆమె దాన్ని రెండు చేతులతో ఎత్తి, దించి, మూలన పడి ఉన్న బట్టల స్టాండు వైపు చూసింది. మా బాల్కనీ పైకప్పుకు తాళ్ళతో పైకి లాగే బట్టల స్టాండు బిగించాలని ఆమె ఆరు నెలలుగా అడుగుతోంది. కర్టెన్లు బిగించేవాడి ఇంట్లో బట్టల స్టాండు నేల మీదే ఉంటుంది, అది కూడా మా రివాజే. నాలుగు పొక్కలు కావాలి. నిచ్చెన ఎక్కాను.

మొదటి పొక్క అద్భుతంగా పడింది. నేను కిందికి చూసి కనుబొమ్మలు ఎగరేశాను. రెండోది పడేటప్పుడు భుజంలో ఎవరో దారం కట్టి లాగుతున్నట్టుంది. మూడోదానికి చెయ్యి నిలవక, పొక్క పెట్టే బిట్టు పక్కకు జారింది, పొక్క ఏటవాలుగా పడింది, సిమెంటు పొడి కంట్లో, నోట్లో, చొక్కా జేబులో పడింది. నాలుగోదానికి గుండును పైకి ఎత్తాను, సగం దూరం వెళ్ళాక అది తనంతట తనే కిందికి రావడం మొదలుపెట్టింది. నేను నిచ్చెన బాగా లేదన్నాను. ఆమె నిచ్చెన పట్టుకుని ఉంది. నిచ్చెన తనంతట తను ఊగలేదు, ఆమె నవ్వుకే ఊగింది. దిగి, బ్యాటరీ చార్జింగ్ లేదని చెప్పి, నాలుగోది రేపు పెడతానన్నాను. మూడు పొక్కలకే వేలాడదీసిన బట్టల స్టాండు ఇప్పుడు ఒక మూల కిందికి వంగి ఉంటుంది. తడి బట్టలన్నీ ఆ మూలకే జారి కుప్పగా ఉంటాయి.

మర్నాడు ఆదివారం. మా చర్చి విమానాలు దిగే దారి కిందే ఉంటుంది. మా పాస్టరయ్య ప్రార్థన మొదలుపెడితే అందరం చేతులు పైకెత్తి నిలబడతాం. ఆయన ఎవరినీ వదలడు. మమ్మల్ని, మా పొలాలను, మా ఉద్యోగాలను, దవాఖానలో ఉన్నవాళ్ళను, వానలను, చివరికి ఆకాశంలో ఎగిరే విమానాలను కూడా దేవుడి చేతుల్లో పెడతాడు. సరిగ్గా విమానాల మాట వచ్చేసరికి నిజంగానే ఒక విమానం పై నుంచి పోతుంది. ఆ హోరులో మాట వినబడదు కాబట్టి ఆయన ఆగుతాడు, మా చేతులు మాత్రం పైనే ఉంటాయి. విమానం పోయాక ఆపిన చోటి నుంచి మళ్ళీ అందుకుంటాడు.

ఆ రోజు నా చేతులు వానల దాకానే ఉన్నాయి. నిన్నటి భుజం నొప్పి. అందరూ కళ్ళు మూసుకున్నారు కదా ఎవరు చూస్తారని మెల్లగా దించి జేబులో పెట్టుకున్నాను. పక్కన ఆడవాళ్ళ వరుసలో ఒక్క కన్ను తెరుచుకుంది. ఎవరిదో చెప్పక్కర్లేదు.

బయటికి వచ్చి స్కూటర్ తీస్తుంటే ఆమె నా దగ్గరికి వచ్చి, చాలా మామూలుగా, కూరగాయల సంగతి అడిగినట్టు అడిగింది. "బావా, ఉత్త చేతులే నిలుపలేకపోయినవ్. ఆ గుండును పట్టుకొని నిచ్చెన మీద ఎట్ల నిలవడతవ్?"

"ప్రార్థన వేరే, పని వేరే" అన్నాను.

"చేతులు అవ్వే కదా."

నేను స్కూటర్‌ను నాలుగుసార్లు తన్నాను. అది బటన్ నొక్కితే స్టార్టయ్యే స్కూటరు.

దారిలో ఆమె ఆలోచన మొదలైంది. వెనక కూర్చుని ఆమె ఆలోచిస్తే నా వీపుకు తెలుస్తుంది. నువ్వు దిమ్మలో పొక్క పెట్టినప్పుడు మిషన్ ఎక్కడుంది అని అడిగింది. నేల మీద అన్నాను. నువ్వు ఎక్కడున్నావు? దాని పైన. మరి హోటల్లో స్లాబు ఎక్కడుంటుంది? నేను బండి పక్కకు ఆపాను. పద్దెనిమిదేళ్ళుగా పైకి చూసి బతుకుతున్నవాణ్ణి, డ్రిల్లు కొనేటప్పుడు కిందికి చూసి కొంటున్నాను. నేనొక్కణ్ణే కాదు, కర్టెన్ల వాళ్ళు, ఫ్యాన్ల వాళ్ళు, ఏసీల వాళ్ళు, శంషాబాద్‌లో పైకప్పుల మీద బతికేవాళ్ళందరూ ఆ దిమ్మ ముందు మోకాళ్ళు వేసినవాళ్ళే. నాకు నవ్వు వచ్చింది. ఆమెకూ వచ్చింది. రోడ్డు పక్కన, ఆదివారం బట్టల్లో, చేతిలో బైబిలుతో ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వుతుంటే ఆటోవాడు ఒకడు ఆగి, ఏమన్నా పరేషానీయా అన్నా అని అడిగి వెళ్ళాడు.

సోమవారం కొట్టు షట్టర్ ఎత్తేసరికి మేమిద్దరం ముందు నిలబడి ఉన్నాం. ఏసీ మెకానిక్ అప్పటికే వచ్చి ఉన్నాడు. మా ఆవిడ గుండును గల్లా బల్ల మీద పెట్టి, మిగతా అన్ని రకాలూ తీయమంది. కొట్టాయన ఎప్పటిలాగే దిమ్మను కాలితో ముందుకు జరిపాడు.

"అది వద్దన్నా. ఒక స్టూలు ఇయ్యి" అంది.

నన్ను స్టూలు ఎక్కించింది. గుండును చేతికిచ్చి పైకి ఎత్తమంది. బిట్టు కొన స్లాబుకు ఆనించి పట్టుకోవాలి, ఆమె ఆమెన్ అనేదాకా దించకూడదు. అప్పుడు కొట్టాయనకు అర్థం కాక, ఎంతసేపు అమ్మా అని అడిగాడు.

"మా పాస్టరయ్య ప్రార్థనంత సేపు."

"ఎన్ని నిమిషాలుంటుందండి?"

"తొందరున్న రోజైతే మూడు నిమిషాలు. తొందర లేని రోజు మేం ఎప్పుడు కొలువలే."

మొదలుపెట్టింది. ప్రతి వారం విని విని ఆ ప్రార్థన ఆమెకు అక్షరం పొల్లు పోకుండా వచ్చు, ఆ గొంతూ వచ్చు, ఎక్కడ గొంతు పెంచాలో ఎక్కడ నిట్టూర్చాలో అదీ వచ్చు. "ప్రభువా, ఈ దినమున కూడివచ్చిన నీ బిడ్డలను చూడు తండ్రీ" అనగానే కొట్టాయన చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి. ఆయన తల వెనక గోడ మీద పూలదండ వేసిన పటంలో వేంకటేశ్వరస్వామి ఉన్నాడు, ఆయనకేమీ అభ్యంతరం ఉన్నట్టు కనబడలేదు. మెకానిక్ టోపీ తీశాడు. మేకులు కొనడానికి వచ్చిన పెద్దమనిషి ఒకాయన గడప మీదే ఆగి తల వంచుకున్నాడు. అందరూ భక్తిగా ఉన్నారు, నాకొక్కడికే చెమటలు.

గుండు పొలాల దాకా వచ్చింది. దవాఖాన దగ్గర నా మోచేతులు వంగాయి. వానలు కురవకముందే అది నా నెత్తి మీద దిగి కూర్చుంది.

తర్వాత పన్నెండు వోల్టులది. బొమ్మలా ఉంది, ఒక్క చేత్తో ఎత్తాను. పొలాలు, దవాఖాన, వానలు, విమానాలు, ఆమెన్ దాకా హాయిగా వెళ్ళిపోయాను, ఇంకో కీర్తన కూడా పాడేవాణ్ణే. "ఇగ ఇదే తీసుకుందాం" అన్నాను. పొక్క పెట్టి చూపించు అంది ఆమె. దిమ్మ కింద ఉంది. ఆమె పైకి చూసింది. కొట్టాయన ఆమె చూపును పట్టుకుని తనూ పైకి చూశాడు, ఆయన ముఖం పాలిపోయింది. కిందటి దీపావళికే రంగు వేయించిన స్లాబు అది.

"ఒక్కటంటే ఒక్కటేనండి" అన్నాడు చివరికి. బిడ్డను బడికి పంపినట్టు అన్నాడు.

చిన్నది స్లాబును గోకింది. చాలాసేపు గోకింది. రంగు పోయి ఒక తెల్లటి చుక్క పడింది, బొట్టంత. కొట్టాయన కళ్ళు మూసుకున్నాడు. ఇది స్క్రూలు బిగించడానికే మంచిదండి, కాంక్రీటుకు కాదు అని అప్పుడు చెప్పాడు. ముందే చెప్పి ఉంటే ఆ బొట్టు ఉండేది కాదు కదా అని నేనన్నాను.

ఆయనలో ఏదో కదిలింది. లోపలికి వెళ్ళి, అలమారా పై అరలో నుంచి ఒక పెట్టె తెచ్చాడు. పొట్టి శరీరం, పిస్తోలులాంటి పిడి, లోపల సుత్తిలా కొడుతూ తిరిగే రకం. దానికి ఇటుకంత బ్యాటరీ ఉంది. ఆయన దాన్ని ఊడదీసి పక్కన పెట్టి, సబ్బుబిళ్ళంత బ్యాటరీ ఒకటి తగిలించాడు. ఇంకోటి బల్ల మీద పెట్టాడు. ఒక పెద్ద బ్యాటరీని పొద్దుగూకులూ నెత్తిన మోసే కంటే, రెండు చిన్నవి పెట్టుకుని ఒకటి అయిపోతే ఇంకోటి మార్చుకోవచ్చన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు, పద్దెనిమిదేళ్ళలో నాకెవరూ చెప్పని మాట. "నొక్కక్కర్లేదండి. కొట్టడం అది కొడుతుంది. మీరు ఊరికే పట్టుకుంటే చాలు."

"మరి ఇన్నేళ్ళు చెప్పలేదేందన్నా?" అంది మా ఆవిడ.

"ఎవరూ పైకి ఎత్తి చూసి అడగలేదమ్మా. అందరూ దిమ్మలోనే చూసుకుని వెళ్ళేవారు."

ఎత్తాను. ప్రభువా అంది. పొలాలు దాటాయి. దవాఖాన దాటింది. వానలు కురిశాయి. భుజం తెలుస్తోంది కానీ ఓర్చుకోగలిగినంతే. విమానాల మాట వచ్చేసరికి, నేను కల్పించి చెప్పడం లేదు, కొట్టు పై నుంచి ఒక విమానం వెళ్ళింది, మా ఆవిడ పాస్టరయ్యలాగే ఆగిపోయింది. నేను పైకి చూస్తూ ఈ విమానం ఎంత పొడుగుందిరా దేవుడా అనుకున్నాను. హోరు తగ్గాక, "క్షేమముగా దింపు తండ్రీ, ఆమెన్" అంది. ఆమెన్ అని కొట్టాయన అన్నాడు, మెకానిక్ అన్నాడు, మేకుల పెద్దమనిషి అందరికంటే గట్టిగా అన్నాడు. మీట నొక్కాను. మిషన్‌ను మాత్రం నొక్కలేదు, ఊరికే పట్టుకున్నాను. నేనొక చాయ్ గుటక వేసేంతలో బిట్టు మొత్తం స్లాబులోకి వెళ్ళిపోయింది.

మెకానిక్ తన డ్రిల్లు పైకి ఎత్తి, "అక్కా, నాది గుడ జర చూడు" అన్నాడు. మేము దాన్నే కొని వచ్చేసేటప్పటికి అతను స్టూలు మీద ఉన్నాడు, కొట్టాయన తనకు గుర్తున్నంత వరకు ప్రార్థన చెప్తున్నాడు.

మంగళవారం హోటల్లో మూడో అంతస్తు. కిటికీ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉంది, అవతల ఎండలో విమానాల తోకలు కనిపిస్తున్నాయి. పదకొండు పొక్కలు. మా ఆవిడ నిచ్చెన పట్టుకుంది. కర్టెను ఆమె భుజం మీద మడత పెట్టి ఉంది, దాని కింది అంచు రెండుసార్లు విప్పి మూడోసారి కుట్టింది ఆమె.

పక్క గదిలో నగరం జట్టు. నేను మొదటి పొక్కకు గుర్తు పెట్టేలోపే గోడ అవతల బుర్రుమని మొదలైంది. ఆ గొంతు నాకు తెలుసు. అది గుండు. ఒకటి, రెండు, మూడు, టకటకా పడిపోయాయి. నా చేతిలో సబ్బుబిళ్ళ మిషను. "వాళ్ళు మూడు పెట్టిండ్రు" అన్నాను కిందికి.

"నాలుగోది రానీ" అంది ఆమె.

నేను పట్టుకున్నాను, అది కొట్టింది. పొక్క, అందులోకి ప్లాస్టిక్ గిట్టీ, గిట్టీలోకి స్క్రూ. పొక్క, గిట్టీ, స్క్రూ. నాలుగు అయ్యాయి, ఐదు అయ్యాయి. గోడ అవతల నాలుగోది చాలాసేపటికి వచ్చింది. ఐదోదానికి మధ్యలో ఆగింది. తర్వాత నిచ్చెన బాగా లేదని ఎవరో అంటున్నారు. మా ఆవిడ చేతిలో నిచ్చెన ఊగడం మొదలైంది. "నవ్వకే, పడ్తా" అన్నాను. ఆమె నోట్లో కొంగు కుక్కుకుంది.

ఏడో పొక్క దగ్గర కిటికీ అవతల విమానం లేచింది, అద్దాలు అదిరాయి. నేను అలవాటుగా ఆగిపోయాను, చేతులు పైనే ఉన్నాయి. అప్పుడే లోపలికి వచ్చిన మేడమ్, ఎందుకు ఆగారు, బ్యాటరీ అయిపోయిందా అని అడిగింది. లేదు మేడమ్, విమానం పోనివ్వండి అన్నాను. ఆమె దాన్ని పెద్ద పనితనం అనుకుంది. అదురుకు గీత తప్పకూడదని ఆగానని అనుకుని తల ఊపింది. నేనూ తల ఊపాను. దేవుడు మంచివాడు.

తొమ్మిదో పొక్కకు బ్యాటరీ మీద లైటు ఎర్రగా మారింది. చెయ్యి జేబులో పెట్టాను. రెండోది లేదు. అది ఇంట్లో చార్జర్‌కే ఉందని గుర్తొచ్చింది, చార్జర్ ఫ్రిజ్ వెనక ప్లగ్గుకే ఉందనీ గుర్తొచ్చింది. మేడమ్ నన్నే చూస్తోంది. మా ఆవిడ అన్నం సంచీలో చెయ్యి పెట్టి, టిఫిన్ డబ్బా పక్కన గుడ్డలో చుట్టిన బ్యాటరీ తీసి పైకి అందించింది. ఫ్రిజ్జు పెట్టే వచ్చిన అని కళ్ళతో చెప్పింది.

పదకొండూ అయ్యాయి. మేడమ్ ట్రాకు కింద నీటిబుడగ ఉండే లెవెల్ పెట్టి చూసింది, కర్టెన్ లాగి చూసింది, వదిలి చూసింది. పక్క గదికి వెళ్ళి వచ్చింది. వాళ్ళ కర్టెన్ తెప్పించి మాదాని పక్కన పట్టుకుంది. ఆ తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని, మా కర్టెన్ కింది అంచు తిరగేసి, చాలాసేపు చూసింది. నేను ట్రాకు వైపు చూపిస్తూనే ఉన్నాను. ఆమె అటు చూడనే లేదు.

బిగించే పని త్వరగా కావాలి కాబట్టి రెండు అంతస్తులు మీకు, రెండు ఆ జట్టుకు ఇస్తున్నాను అంది. వాళ్ళ పదకొండో పొక్క కూడా చివరికి పడిందన్నమాట. నా గుండె సగం పైకి, సగం కిందికి అయింది. అప్పుడు మేడమ్ మా ఆవిడ వైపు తిరిగింది.

"కుట్టడం మాత్రం నాలుగు అంతస్తులూ మీరే కుట్టండి. వారంలో మొదలుపెట్టగలరా?"

మా ఆవిడ కొంగు ఇంకా నోట్లోనే ఉంది. తల మాత్రం ఊపింది, ఊపుతూనే ఉంది, మేడమ్ గది దాటి వెళ్ళాక కూడా ఊపుతూనే ఉంది. తర్వాత ఫోన్ తీసి మా వీధి ఆడవాళ్ళిద్దరిలో ఒకామెకు చేసింది. అటు నుంచి విమానాశ్రయం చప్పుళ్ళు వినిపించాయి. "అక్కా, చీపురు కింద పెట్టు" అని నవ్వింది. అటు నుంచి ఒక అరుపు వచ్చింది. దాన్ని విని పక్క గది జట్టువాళ్ళు తలుపు దగ్గరికి వచ్చి, ఏమైందని అడిగారు.

లిఫ్టుకు కరెంటు లేదు కాబట్టి మెట్ల మీదుగా దిగాం. మామూలుగా డ్రిల్లు నేను పట్టుకుంటాను, నిచ్చెనకు ఆ కొస ఒకరం, ఈ కొస ఒకరం. ఆ రోజు ఆమె డ్రిల్లు పెట్టెను చంకలో పెట్టుకుని, నిచ్చెన మొత్తం నా భుజానికెత్తింది. ఇదేందే అన్నాను.

"నాలుగు అంతస్తులు నావి, రెండు నీవి" అంది మెట్లు దిగుతూ. "నిచ్చెన ఎవలు మోయాలె?"